ముందుగా వెళ్లి చూచినవాడు: పియర్ సెరెసోల్ జీవిత కథ

చదువవలసిన వాక్యభాగములు: నెహెమ్యా 2:11–18, లూకా 14:28–30



కోతపండుగ గడచిన తరువాతి ఆదివారము సాయంకాలమున మన యువజన సమాజమువారు ఏడుగురు మా యింటి అరుగు మీదికి వచ్చి నా చేతికి ఒక కాగితము ఇచ్చిరి. సముద్రము దాటి పొరుగు దేశమునకు వెళ్లి, తుఫానులో ఇండ్లు కూలిన ఒక చోట పది దినములు సేవ చేయవలెనని వారి కోరిక. కాగితములో పదునొకండు సంగతులు వరుసగా వ్రాసియుండెను. పాస్‌పోర్టులు, వీసాలు, విమానపు చార్జీలు, చందా పుస్తకము, పాడవలసిన పాటలు, అందరికిని ఒకే రంగు చొక్కాలు, ఫొటోలు తీయువారెవరు అనునది కూడ ఉండెను. వారి ఆసక్తిని చూచి నా హృదయము సంతోషించెను. అయితే కాగితమును రెండు మారులు చదివి వారిని ఒక్క ప్రశ్న అడిగితిని. అక్కడ మిమ్మును రమ్మని పిలిచినవారెవరు అంటిని. వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. ఆ సంగతి కాగితములో లేదు.

ఆ రాత్రి లాంతరు వెలుగున నేను వారికి చెప్పిన కథనే ఈ నెల మీకును వ్రాయుచున్నాను. అది 1945లో మరణించిన పియర్ సెరెసోల్ అను దైవభక్తుని జీవితము. అన్య దేశములకు వెళ్లి స్వచ్ఛందముగా సేవచేయు ఐరోపా యౌవనస్థులలో ఆయన పేరు ప్రసిద్ధము. మన పల్లెలలో ఆ పేరు వినినవారు కొద్దిమందియే. అయినను ఆయన మన దేశపు మట్టిని తన చేతి పారతో త్రవ్వినవాడు గనుక, ఆయన కథ మనకు పరాయి కథ కాదు.

అధ్యక్షుని కుమారుడు

పియర్ సెరెసోల్ 1879వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన స్విట్జర్లాండు దేశములోని లొసాన్ పట్టణమున జన్మించెను. స్విట్జర్లాండు సముద్రతీరము లేని కొండల దేశము. ఆయన తండ్రి పాల్ సెరెసోల్ 1873లో ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండెను. సైన్యములో కూడ పెద్ద అధికారి. అది ప్రొటెస్టంటు కుటుంబము, పేరుప్రతిష్ఠలు గల కుటుంబము. అట్టి యింట పుట్టిన బిడ్డ పార పట్టవలసిన అవసరము ఏమియు లేదు.

పియర్ జూరిచ్ నగరములో ఇంజనీరు విద్య చదివెను. 1909 మొదలుకొని 1914 వరకు అమెరికా, హవాయి దీవులు, జపాను దేశములలో తిరిగెను. తండ్రి పేరు చెప్పుకొనక, దొరికిన పని చేసి, తన చేతుల కష్టముతో బ్రతుకుట అక్కడ నేర్చుకొనెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిన సంవత్సరమున స్వదేశమునకు తిరిగివచ్చెను. తాను కష్టపడక పిత్రార్జితముగా వచ్చిన ఆస్తి తనది కాదని తలంచి, దానిని ప్రభుత్వమునకు అప్పగించెను.

ఆయన దేహస్థితిని బట్టి సైన్యములో చేరవలసిన పని ఆయనకు లేకుండెను. దానికి బదులుగా ఒక పన్ను చెల్లింపవలసియుండెను. క్రీస్తును వెంబడించువాడు మనుష్యులను చంపుటకు ధనమైనను ఇయ్యరాదని ఆయన మనస్సాక్షి చెప్పెను. ఆ పన్ను కట్టక చెరసాలకు వెళ్లెను. ఒక్కసారి కాదు, జీవితములో పలుమారు వెళ్లెను.

ఈ విషయములో మనమందరము ఆయనతో ఏకీభవింపవలెనని నేను చెప్పుట లేదు. మన సంఘములోనే కుమారులను సైన్యమునకు పంపిన తల్లులున్నారు; వారి త్యాగమును నేనెరుగుదును. అయితే సెరెసోల్ అక్కడితో ఆగలేదు. యుద్ధమునకు రానని చెప్పి యింట కూర్చుండువాని మాటకు విలువ లేదని ఆయన తలంచెను. సైనికుడు చలిలో, బురదలో, ఇంటికి దూరముగా కష్టపడును గదా. సమాధానమును కోరువాడు అంతకంటె తక్కువ కష్టపడరాదు. చంపుటకు కాక కట్టుటకు ఒక సైన్యము ఉండవలెను. ఇది ఆయనకు కలిగిన తలంపు.

మొదటి ప్రయత్నము

1919లో హాలండు దేశములోని బిల్ట్‌హోవెన్ అను చోట యుద్ధములో ఒకరితో ఒకరు పోరాడిన దేశముల క్రైస్తవులు కొందరు కూడుకొనిరి. సెరెసోల్ ఆ కూటమునకు కార్యదర్శిగా పనిచేసెను. మరుసటి సంవత్సరము మరల కూడినప్పుడు ఒక జర్మను సహోదరుడు లేచి, తన దేశపు సైన్యము పాడుచేసిన ఫ్రాన్సు నేలను తన చేతులతో బాగుచేయ గోరుచున్నానని చెప్పెను. మాటలతో నిండిన ఆ సభలో అది ఒక కార్యమునకు విత్తనమాయెను.

ఆ విధముగా 1920 నవంబరు మాసమున, చలికాలపు ఆరంభములో, సెరెసోల్ కొద్దిమందితో ఫ్రాన్సులోని వెర్డన్ పట్టణము దగ్గర ఎస్న్ అను పల్లెకు వెళ్లెను. 1916లో అక్కడ జరిగిన యుద్ధములో లక్షలాది సైనికులు చనిపోయిరి, గాయపడిరి. పల్లెలో నిలిచిన గోడ లేదు, పొలములో ఫిరంగిగుండ్లు త్రవ్విన గుంటలు తప్ప చాలు లేదు. సెరెసోల్, ఆయన సహోదరుడు ఎర్నెస్ట్, కొందరు జర్మనులు, మరికొన్ని దేశములవారు అక్కడ కఱ్ఱ ఇండ్లు నిలిపిరి, గుంటలు పూడ్చిరి, దారి బాగుచేసిరి. ఎర్నెస్ట్ స్విస్ సైన్యములో అధికారి. ఒకే యింటి బిడ్డలు, యుద్ధమును గూర్చి వేరు వేరు అభిప్రాయములు గలవారు, ఒకే గుంటను పూడ్చిరి. ఇది మన సంఘములలోని కక్షలవారు గమనింపదగిన సంగతి.

కాని అయిదు నెలలకే ఆ పని ఆగిపోయెను. పల్లెవారు పనిని చూచిరి గాని, పై అధికారులకు జర్మనులు అక్కడ ఉండుట ఇష్టము లేకపోయెను. బిడ్డలను పోగొట్టుకొన్నవారి గాయములు ఇంకను పచ్చిగానే యుండెను. జర్మనులు వెళ్లిపోవలెనని చెప్పగా, మిగిలినవారు వారిని విడిచి పని చేయుట తగదని 1921 వసంతకాలములో అందరును కలిసి పని విడిచిరి.

సహోదరులారా, ఇది మనము నిలిచి ఆలోచింపవలసిన చోటు. ఉద్దేశము మంచిది, చేతులు బలమైనవి, ప్రార్థన యథార్థమైనది. అయినను మనము సహాయము చేయగోరువారి నొప్పి ఎంత లోతుగా నున్నదో, ఎవరి సమ్మతి కావలసియున్నదో ముందుగా తెలిసికొననిదే మంచి పని కూడ నిలువదు.

చెరసాలలోను శిబిరములోను నేర్చినది

సెరెసోల్ నిరుత్సాహపడలేదు. 1924లో స్వదేశములోని ఓర్మోన్ లోయలో కొండమీది మంచు విరిగిపడి పల్లెను కప్పగా, అక్కడ శిబిరము పెట్టి రాళ్లు, చెట్లు, మట్టి ఎత్తివేసిరి. అప్పుడు కూడ ఎర్నెస్ట్ తోడుగా నుండెను. 1927లో రైన్ నది గట్టు తెగి లీక్టెన్‌స్టయిన్ అను చిన్న దేశపు పొలములు ఇసుక మేటలతో నిండిపోయెను. 1928లో ఇరువదికి పైగా దేశములనుండి 700 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు వంతులవారీగా వచ్చి ఆ ఇసుకను త్రవ్వి తీసివేసిరి. అంతమందికి అన్నము వండి, బట్టలు ఉతికి, చినిగినవి కుట్టి శిబిరమును నిలిపినవారు స్త్రీలు. వారి పని లేనిదే పారలు లేచెడివి కావు. మన సంఘపు విందులలో వంటశాలలో నిలుచు అక్కలకు, అమ్మలకు ఇది క్రొత్త సంగతి కాదు.

ఈ పనినుండి ఏర్పడిన సంస్థకు సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అని పేరు. దాని నియమములు సామాన్యమైనవి. సేవకునికి జీతము లేదు. భోజనము, పడుకొనుటకు చోటు మాత్రము ఉండును. కూలికి పనిచేయువారి నోటి ముద్దను తీసివేయు పని చేయరాదు. నిజముగా అవసరమైన పనియే చేయవలెను. ప్రసంగములకంటె క్రియలే మాటలాడవలెను. చలితో, ఆకలితో ఉన్న సహోదరునికి కావలసినదియ్యక, వెచ్చగా నుండుమని చెప్పి పంపివేయు విశ్వాసమును గూర్చి యాకోబు తన పత్రికలో వ్రాసిన దానికి ఈ మనుష్యుడు పారతో వ్యాఖ్యానము వ్రాసెనని చెప్పవచ్చును.

మన దేశమునకు వచ్చుట

1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నమున బీహారు, నేపాళము కంపించెను. పదివేల మందికి పైగా చనిపోయిరి. భూమి పగిలి ఇసుకయు నీళ్లును పైకి చిమ్మి పొలములను కప్పెను, బావులను పూడ్చెను. ముజఫర్‌పూర్, ముంగేర్, దర్భంగా, మోతిహారి పట్టణములు కూలెను. అప్పుడు చెరసాలనుండి విడుదలైన రాజేంద్ర ప్రసాద్ గారు బాధితుల సహాయ సంఘమునకు పెద్దగా నిలిచిరి. ఆయనయే తరువాత మన తొలి రాష్ట్రపతి ఆయెను.

ఈ వార్త స్విట్జర్లాండునకు చేరెను. 1931 డిసెంబరులో గాంధీగారు ఆ దేశమునకు వచ్చినప్పుడు సెరెసోల్ ఆయనను ఎరిగియుండెను. ఇప్పుడు ఏమి చేయవలెను? ఐరోపాలో ఆయన మాట విని బయలుదేరుటకు సిద్ధమైన యౌవనస్థులు చాలమంది యుండిరి. వెంటనే ఓడ నిండ సేవకులను తీసికొనిపోవచ్చును గదా.

ఆయన అట్లు చేయలేదు. 1934 వసంతకాలములో ముందుగా తానే వెళ్లెను. అప్పటికి ఆయనకు 54 ఏండ్లు. ఎండలో పాడైన పల్లెలు తిరిగి చూచెను. గాంధీగారితోను, రాజేంద్ర ప్రసాద్ గారితోను మాటలాడెను, ప్రభుత్వాధికారులతోను మాటలాడెను. ఇక్కడివారికి మీరు కావలెనా, కావలసినయెడల ఏ పనికి, ఎంతమంది అని అడిగి తెలిసికొనెను. ఆ కాలమున కాంగ్రెసువారికిని ఆంగ్ల ప్రభుత్వమునకును పడకయుండెను. ఒకరి గుమ్మము తట్టినవానిని రెండవవారు అనుమానించు దినములవి. ఆయన ఇద్దరి గుమ్మములను తట్టెను. ఎస్న్‌లో నేర్చుకొన్న పాఠమును ఆయన మరువలేదు. పల్లె ఒప్పుకొనిన చాలదు, పైవారు ఒప్పుకొనిన చాలదు, ఇరువురి సమ్మతియు కావలెను.

ఇప్పుడు నెహెమ్యాను జ్ఞాపకము చేసికొనుడి. యెరూషలేము ప్రాకారములు పడిపోయినవని వినినప్పుడు అతడు ఏడ్చెను, ఉపవాసముండి ప్రార్థించెను. కాని వెంటనే పరుగెత్తలేదు. కిస్లేవు మాసము మొదలుకొని నీసాను మాసము వరకు కనిపెట్టెను. రాజైన అర్తహషస్తను అడిగి నది అవతలి అధికారులకు తాకీదులు తీసికొనెను. మ్రానులకొరకు అడవిని కాయు ఆసాపునకును ఉత్తరువు తీసికొనెను. నేటి మాటలలో చెప్పవలెననిన అవి అతని వీసాలు, అనుమతి పత్రములు. యెరూషలేమునకు వచ్చిన తరువాత కూడ మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో లేచి, కూలిన గోడలను తన కన్నులతో చూచెను. పిమ్మటనే జనులతో మాటలాడెను. కట్టినవారు ఎవరు? ఆ ఊరివారే. తమ తమ యిండ్లకు ఎదురుగా నున్న గోడను పలువురు కట్టుకొనిరి. 52 దినములలో ప్రాకారము పూర్తియాయెను.

సెరెసోల్ తన దేశమునకు తిరిగి వెళ్లి తాను చూచినది చెప్పి, ఆ యేటి చివర మరల వచ్చెను. ఓడ నిండ మనుష్యులతో కాదు, వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందితో వచ్చెను. ముజఫర్‌పూర్ జిల్లాలో వరద భయము గల పల్లెలను మెరక చోటికి మార్చి క్రొత్తగా కట్టుట వారికి అప్పగింపబడిన పని. అట్లు లేచిన ఒక గ్రామమునకు శాంతిపూర్ అని పేరు పెట్టబడెను. వారు వెళ్లినది పరదేశపు దొరలుగా కాదు. స్థలము చూపినది ఇక్కడివారు, ఇండ్లలో ఉండవలసినది ఇక్కడివారు, పనిలో ఎక్కువ చేతులు కూడ ఇక్కడివారివే. చదువుకొన్నవాడు తట్ట మోయుట తక్కువతనమను తలంపు ఐరోపాలోను ఉండెను, మన దేశములో కులము పేరట మరింత గట్టిగా ఉండెను. ఒక దేశాధ్యక్షుని కుమారుడు బీహారు మట్టిలో పార పట్టి నిలుచుట ఆ తలంపునకు జవాబు. ఆయన తాను చూచిన మేలును, తనకు కలిగిన కష్టమును, తనకు అర్థము కాని సంగతులను కూడ ఉత్తరములుగా ఇంటికి వ్రాసెను. అవి తరువాత పుస్తకముగా అచ్చుపడెను. ఈ పని 1937 వరకు జరిగెను.

చివరి దినములు

1936లో ఆయన క్వేకరు సంఘములో చేరెను. 1941లో వివాహము చేసికొనెను. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, జర్మనీ ప్రజలతో సమాధానమును గూర్చి మాటలాడవలెనని రాత్రివేళ సరిహద్దు దాటి వెళ్లి పట్టుబడెను. తన దేశములోను మరల చెరసాలలో నుండెను. ఈ ప్రయాణములకు పిలుపు ఎవరును పంపలేదు గదా అని మీరు అడుగవచ్చును. నిజమే. అయితే ఆయన వాటికి యౌవనస్థులను వెంటబెట్టుకొనలేదు. అపాయమును తన మీదనే వేసికొనెను. ఆరోగ్యము క్షీణించి 1945 అక్టోబరు 23న లొసాన్ దగ్గర కన్నుమూసెను. యుద్ధము ముగియుటను మాత్రము చూచెను. ఆయన స్థాపించిన సేవ నేటికిని అనేక దేశములలో జరుగుచున్నది.

మన యౌవనస్థులకు

ఈ కథ చెప్పి ముగించునప్పటికి ఆ రాత్రి చాల ప్రొద్దుపోయెను. యౌవనస్థులు కాగితమును తిరిగి తీసికొని, దాని పై భాగమున క్రొత్తగా నాలుగు సంగతులు వ్రాసికొనిరి. మొదటిది, అక్కడి సంఘమునకు ఉత్తరము వ్రాసి ఏమి కావలెనో అడుగుట. రెండవది, జవాబు వచ్చిన పిమ్మట ఒక పెద్ద ముందుగా వెళ్లి చూచి వచ్చుట. మూడవది, ఆ దేశమువారు ఇచ్చు వీసా మీద ఏ పని చేయవచ్చునో, ఏది చేయరాదో విచారించుట. నాలుగవది, తాము చేయు పని అక్కడి కూలివారి కూలిని పోగొట్టునదా అని అడుగుట.

ఆరు వారములకు జవాబు వచ్చెను. అక్కడి సంఘపు పాదిరిగారు ప్రేమతో వ్రాసిరి. గోడలు ఎత్తుటకు తమయొద్ద మనుష్యులున్నారనియు, పైకప్పు రేకులకు మాత్రము డబ్బు చాలలేదనియు, తాపీపని తెలిసినవారు ఇద్దరు వచ్చినయెడల మేలనియు తెలిపిరి. ఏడుగురి అవసరము లేదని మృదువుగా చెప్పిరి.

ఏడుగురిలో తాపీపని తెలిసినవారు సరిగా ఇద్దరే. వారు ఇద్దరును బడి మధ్యలో మానినవారు. కాగితము వ్రాసిన దినమున వెనుక నిలువబడి మాటలాడనివారు. మిగిలిన అయిదుగురు కళాశాలలో చదివినవారు. ఆ ఉత్తరము చదివి వినిపించినప్పుడు అయిదుగురి ముఖములు వాడిపోవుట నేను చూచితిని. ఒకడు ఏమియు చెప్పక లేచి వెళ్లిపోయెను. నేను అతనిని పిలువలేదు. ఆ నొప్పి నిజమైనది. విమానము ఎక్కవలెనను ఆశ పాపము కాదు. ఆ రాత్రి వారికొరకు ప్రార్థించుట తప్ప నాకు మరేమియు తోచలేదు.

రెండు వారములు గడచిన తరువాత ఆ చిన్నవాడే చందా పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టెను. చొక్కాలకొరకు కూర్చిన సొమ్మును, అయిదుగురి చార్జీలకొరకు దాచిన సొమ్మును రేకుల లెక్కలో వ్రాసియుండిరి. సొమ్ము ఇచ్చినవారి యిండ్లకు తిరిగి వెళ్లి, పని మారినదని చెప్పి, ఒక్కొక్కరి సమ్మతి తీసికొనిరట. పైకప్పు రేకులు ఎన్ని వచ్చునో అంగడిలో విచారించి లెక్క కట్టియుండిరి. ఇద్దరు వెళ్లుదురు, అయిదుగురు నిలుతురు. వెళ్లుటకంటె నిలుచుటయే వారికి కష్టమైన సేవ ఆయెను.

ప్రియులారా, గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు బోధించెను. ఆ లెక్కలో డబ్బు ఒక భాగము మాత్రమే. మన పేరు, మన ఫొటో, మనము వెళ్లితిమని చెప్పుకొనవలెనను కోరిక కూడ ఆ లెక్కలో వ్రాయవలెను. అవతలి గట్టున ఉన్నవానికి ఏమి కావలెనో అతడే చెప్పవలెను, మనము వినవలెను. మీ సంఘములలో ఇట్టి కాగితము ఎవరైనను వ్రాసినయెడల, దానిని చింపివేయకుడి, ఆసక్తిని ఆర్పకుడి. మొదటి వరుసలో ఒక పేరు వ్రాయుటకు చోటు విడువుడని మాత్రము చెప్పుడి. అది పిలిచినవాని పేరు.

ప్రార్థన: ప్రభువా, వెళ్లుటకు మాకు కాళ్లనిచ్చితివి, అడుగుటకు వినయమును, వినుటకు చెవులను ఇమ్ము. వెళ్లు ఇద్దరిని క్షేమముగా నడిపించుము. నిలుచు అయిదుగురి హృదయములను ఆదరించుము. ఇండ్లు కూలిన వారికి వర్షము రాకముందే నీడ కలుగజేయుము. ఆమేన్.